కరెంటు తక్కువ కాల్చే గృహోపకరణాల ఎంపిక: అనంతపురం ఇళ్ల కోసం తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో మార్చి సగం గడిచేసరికి దుకాణాల ముందు కూలర్లు వరుస కడతాయి. ఏప్రిల్ బిల్లు చేతికి వచ్చాక ఇంట్లో ఏ వస్తువు ఎంత కరెంటు కాలుస్తోందన్న చర్చ మొదలవుతుంది. బంధువులు, ఇరుగుపొరుగువారు ఏదైనా కొనబోయే ముందు నన్ను అడిగిన ప్రశ్నలను, వాటికి నేను చెప్పిన జవాబులను ఇక్కడ ఒక చోట చేర్చాను. చాలామంది వస్తువు ధరను చూస్తారు, కొందరు నక్షత్రాలను లెక్కపెడతారు. ఆ వస్తువు తమ ఇంట్లో ఏడాదికి ఎన్ని గంటలు నడుస్తుందో లెక్క వేసుకునేవారు తక్కువ. ఆ లెక్కే అన్నిటికంటే ముఖ్యమని నా నమ్మకం.

మా దగ్గర డబ్బు పరిమితంగా ఉంది. ముందుగా ఏ వస్తువును మార్చాలి?

వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. 750 వాట్ల మిక్సీ శబ్దం విని మీటరు గిర్రున తిరుగుతోందని భయపడేవారు ఉన్నారు గానీ, అది రోజుకు పది నిమిషాలు నడిస్తే ఏడాది మొత్తానికి దాదాపు 45 యూనిట్లే అవుతాయి. చప్పుడు లేకుండా తిరిగే 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాన్ రోజుకు 15 గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగితే 337 యూనిట్లు దాటుతుంది. అంటే మిక్సీకి ఏడు రెట్లు. మన ఊళ్లో ఫ్యాను ఆగేది డిసెంబరు, జనవరి నెలల్లోనే కాబట్టి ఈ 300 రోజుల లెక్క ఎక్కువేమీ కాదు.

అందువల్ల ముందు ఎక్కువ గంటలు తిరిగే ఫ్యాన్లను, ఆ తర్వాత ఏడాదిలోని 8,760 గంటలూ కరెంటుకు తగిలించి ఉండే ఫ్రిజ్‌ను, ఆ పైన ఏసీని చూడాలి. మిక్సీ, ఇస్త్రీపెట్టె, గ్రైండరు పాతబడి పాడయ్యేదాకా ఉండనివ్వండి. దోసె పిండి రుబ్బే గ్రైండరును కరెంటు ఆదా కోసం మార్చాలనుకునేవారికి ఆ డబ్బును ఒక ఫ్యాను మీద పెట్టమని చెబుతాను.

ఆదా అయ్యే యూనిట్‌కు ఏ రేటు వేసుకోవాలి?

ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ గానీ, మిగతా లెక్కలన్నీ దీని మీదే నిలుస్తాయి. మన రాష్ట్రంలో గృహ వినియోగానికి స్లాబు పద్ధతి ఉంది. 2022-23 టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు రూ.1.90, 31 నుంచి 75 వరకు రూ.3, 76 నుంచి 125 వరకు రూ.4.50, 126 నుంచి 225 వరకు రూ.6, 226 నుంచి 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. మీ తాజా బిల్లు మీద ఉన్న రేట్లతో వీటిని ఒకసారి సరిచూసుకోండి.

నెలకు 300 యూనిట్లు వాడే ఇంటికి విద్యుత్ చార్జీ కింద రూ.1,673 పడుతుంది. దాన్ని మూడు వందలతో భాగించి యూనిట్ ఐదున్నర రూపాయలని అనుకుంటాం. అయితే ఆ ఇల్లు 75 యూనిట్లు ఆదా చేస్తే, తగ్గేవి అడుగున ఉన్న చౌక యూనిట్లు కావు, పైన ఉన్న రూ.8.75 యూనిట్లు. చార్జీ రూ.1,017కు దిగుతుంది. వాడకం నాలుగో వంతు తగ్గితే చార్జీ 39 శాతం తగ్గిందన్నమాట. స్థిర చార్జీలు, సర్దుబాటు చార్జీలు వీటికి అదనం. కాబట్టి ఏ ఉపకరణానికైనా ఆదా లెక్క వేసేటప్పుడు మీ ఇంటి వాడకం ఏ స్లాబు దాకా పోతోందో చూసి, ఆ చివరి స్లాబు రేటును వేసుకోవాలి. రూ.3 స్లాబులో ఆగిపోయే చిన్న కుటుంబానికి ఖరీదైన ఉపకరణం మీద పెట్టిన డబ్బు చాలా నెమ్మదిగా తిరిగి వస్తుంది.

స్టార్ లేబుల్ మీద ఏమేమి చూడాలి?

2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద 2002లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, అంటే బీఈఈ, 2006 నుంచి ఈ లేబుళ్లను అమలు చేస్తోంది. దుకాణంలో మనకు ముందు కనబడేవి నక్షత్రాలే గానీ, వాటి కింద చిన్న అక్షరాల్లో ఉండే రెండు సంగతులు ఇంకా ముఖ్యమైనవి.

మొదటిది ఏడాదికి ఎన్ని యూనిట్లు అన్న అంకె. నక్షత్రాలు ఒకే రకం, ఒకే పరిమాణం ఉన్న వస్తువులను పోల్చడానికే పనికొస్తాయి. ఐదు నక్షత్రాల పెద్ద ఫ్రిజ్, మూడు నక్షత్రాల చిన్న ఫ్రిజ్ కంటే ఎక్కువ కరెంటు తీసుకోవచ్చు. రెండోది ఆ లేబుల్ వర్తించే సంవత్సరం. ప్రమాణాలను బీఈఈ అప్పుడప్పుడు కఠినతరం చేస్తుంది. 2022 జూలైలో ఏసీలకు అలా చేసినప్పుడు, అంతకుముందు ఐదు నక్షత్రాలు ఉన్నవి నాలుగుకు దిగాయి. పాత సరుకును తగ్గింపు ధరకు అమ్మేటప్పుడు, సెకండ్ హ్యాండ్ వస్తువు కొనేటప్పుడు ఈ సంవత్సరాన్ని తప్పకుండా చదవండి. లేబుల్ మీద అనుమానం వస్తే బీఈఈ వారి స్టార్ లేబుల్ యాప్‌లో ఆ మోడల్‌ను వెతికి చూసుకోవచ్చు.

బీఎల్‌డీసీ ఫ్యాన్లకు అంత ధర పెట్టడం అవసరమా?

బీఎల్‌డీసీ అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారు. ఆ మోటారు ఉన్న ఫ్యాను రోజంతా తిరిగే గదికి అవసరమే. మామూలు ఫ్యాను 70 నుంచి 80 వాట్లు తీసుకుంటే, బీఎల్‌డీసీ ఫ్యాను అదే గాలికి 28 నుంచి 35 వాట్లు తీసుకుంటుంది. పాత రకం మోటారులో కొంత కరెంటు వేడిగా పోతుంది. చాలాసేపు తిరిగిన ఫ్యానును ఆపి మధ్యలోని గిన్నెను ముట్టుకుంటే చేతికి తెలిసే వేడి అదే. బీఎల్‌డీసీ మోటారులో శాశ్వత అయస్కాంతాలు ఉండడం వల్ల ఆ నష్టం బాగా తగ్గుతుంది.

పైన చెప్పిన 15 గంటలు, 300 రోజుల లెక్కన ఒక్కో ఫ్యానుకు ఏడాదికి సుమారు 200 యూనిట్లు మిగులుతాయి. రూ.6 స్లాబులో అది రూ.1,200. రెండు ఫ్యాన్ల ధరల మధ్య తేడా పదిహేను వందలు ఉన్నా, రెండో వేసవి ముగిసేలోపే తిరిగి వస్తుంది. పూజగదికి, అతిథులు వచ్చినప్పుడే తెరిచే గదికి మామూలు ఫ్యాను చాలు.

కరెంటు పోయినప్పుడు కలిగే లాభాన్ని దుకాణదారులు పెద్దగా చెప్పరు. మూడు పాత ఫ్యాన్లు ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి 225 వాట్లు లాగితే, మూడు బీఎల్‌డీసీ ఫ్యాన్లు 90 వాట్లు లాగుతాయి. బ్యాటరీ అదే అయినా రెట్టింపుకు పైగా సమయం వస్తుంది. మే నెల రాత్రి చంటిబిడ్డ ఉన్న ఇంట్లో దాని విలువను రూపాయల్లో చెప్పలేం.

కొనేటప్పుడు వాట్లతో పాటు గాలి పరిమాణాన్ని కూడా చూడండి. 1,200 మిల్లీమీటర్ల ఫ్యానుకు అది నిమిషానికి 210 ఘనపు మీటర్లకు తగ్గకుండా ఉంటే మంచిది. గాలి తగ్గించి వాట్లు తగ్గించిన ఫ్యాను మనకు ఉపయోగపడదు. సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ 2023 జనవరి నుంచి తప్పనిసరి అయింది.

పాత రెగ్యులేటరుకే బీఎల్‌డీసీ ఫ్యానును బిగించవచ్చా?

బిగించకూడదు. వేగాన్ని ఆ ఫ్యానులోని సర్క్యూటే నియంత్రిస్తుంది కాబట్టి, గోడ రెగ్యులేటరును తీసేసి నేరుగా స్విచ్చికి కలపమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. లేకపోతే సర్క్యూట్ పాడయ్యే ప్రమాదం ఉంది.

మన ఎండలకు కూలర్ సరిపోతుందా, ఏసీనే కావాలా?

తీరప్రాంతపు చుట్టాలు కూలర్ దండగని చెబితే వారి ఊరికి అది నిజమే. మన ఊరి సంగతి వేరు. అనంతపురం దేశంలోకెల్లా వర్షపాతం తక్కువగా ఉండే జిల్లాల్లో ఒకటి, వేసవి గాలిలో తేమ బాగా తక్కువ. కూలర్ పనిచేసేది ఆ పొడిదనం మీదే. నీరు ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని తీసుకుంటుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 0.67 యూనిట్లకు సమానమైన వేడి పోతుంది. బయట 41 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం మంచి ప్యాడ్లున్న కూలర్ నుంచి 28 డిగ్రీలకు దగ్గరగా గాలి వస్తుంది. అదే కూలర్ 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న రోజు 30 డిగ్రీలకు దించలేదు, పైగా ఒళ్లు జిడ్డుగా తయారవుతుంది.

180 వాట్ల కూలర్ ఎనిమిది గంటలకు ఒకటిన్నర యూనిట్‌కు కాస్త తక్కువే తీసుకుంటుంది. ఒకటిన్నర టన్నుల ఏసీకి అదే సమయానికి ఐదు యూనిట్లు లేదా అంతకంటే ఎక్కువ పట్టవచ్చు. అందుకే ఏప్రిల్, మే నెలలకు కూలర్‌నే నేను ముందుగా సూచిస్తాను. అయితే మూడు షరతులున్నాయి. ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉండాలి, లేకపోతే తేమ గదిలోనే నిలిచిపోతుంది. నీళ్లకు కరువున్న వీధిలో రోజూ కొన్ని బిందెలు కూలర్‌కు పోయడం కుదురుతుందో లేదో ముందే ఆలోచించుకోవాలి. బోరు నీటిలోని లవణాలు ప్యాడ్ల మీద తెల్లగా గట్టిపడి గాలిని అడ్డుకుంటాయి కాబట్టి, వారానికి ఒకసారి తొట్టిని పూర్తిగా ఖాళీ చేసి కడగాలి. డెంగీ దోమ నిల్వ నీటిలోనే పెరుగుతుంది కాబట్టి ఆ పని వాయిదా వేసేది కాదు.

ఉబ్బసం ఉన్నవారికి తేమగాలి పడకపోయినా, దుమ్ము ఎక్కువగా వచ్చే రోడ్డు పక్కన కిటికీ తెరవలేకపోయినా ఏసీయే సరైనది.

ఏసీ కొంటే మూడు నక్షత్రాలదా, ఐదు నక్షత్రాలదా?

ఏసీ లేబుల్ మీద ఐఎస్ఈఈఆర్ అనే అంకె ఉంటుంది. వేసిన కరెంటుకు ఎంత చల్లదనం వస్తుందో చెప్పే నిష్పత్తి అది. పక్కనే ఉండే వార్షిక యూనిట్లను ఏడాదికి 1,600 గంటల వాడకం మీద, 24 నుంచి 43 డిగ్రీల బయటి ఉష్ణోగ్రతల మీద లెక్కగడతారు. మీ వాడకం 1,600 గంటలు ఉందా అన్నదే అసలు ప్రశ్న.

ఒక ఏసీ మీద 1,000, మరొక దాని మీద 750 యూనిట్లు రాసి ఉన్నాయని, ధరలో తేడా రూ.8,000 అని అనుకుందాం. ఇంట్లో మంచాన పడిన పెద్దవారు ఉండి పగలూ రాత్రీ కలిపి 1,600 గంటలు వేసే కుటుంబానికి రూ.8.75 స్లాబులో ఏడాదికి దాదాపు రూ.2,190 మిగులుతుంది, నాలుగేళ్లలోపే తేడా తీరిపోతుంది. రాత్రిళ్లు మాత్రమే, అదీ వంద రోజులు, ఎనిమిది గంటల చొప్పున వేసే కుటుంబానికి అది 800 గంటలే కాబట్టి ఏడేళ్లకు పైగా పడుతుంది. పిల్లలు సెలవులకు వచ్చినప్పుడే వేసే ఇంటికి మూడు నక్షత్రాల ఇన్వర్టర్ ఏసీ (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగాన్ని మార్చుకునేది) చాలు. మిగిలిన డబ్బుతో నాలుగు బీఎల్‌డీసీ ఫ్యాన్లకు అయ్యే అదనపు ధర సమకూరుతుంది.

2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న ఏసీలు 24 డిగ్రీల మీద మొదలయ్యేలా తయారవుతున్నాయి. దాన్ని 18కి దించితే గది త్వరగా చల్లబడుతుందన్నది అపోహ. యంత్రం ఎక్కువసేపు ఆగకుండా నడుస్తుంది, అంతే. 26 డిగ్రీల మీద ఉంచి, ఫ్యానును నెమ్మదిగా తిప్పితే చాలామందికి దుప్పటి కావలసినంత చలువ వస్తుంది.

మాది పైఅంతస్తు. రెండు టన్నులది కావాలని దుకాణంలో చెబుతున్నారు. నిజమేనా?

టన్ను అంటే సుమారు మూడున్నర కిలోవాట్ల చొప్పున వేడిని తీసే శక్తి. మామూలుగా 120 చదరపు అడుగుల గదికి ఒక టన్ను, 150 నుంచి 180 వరకు ఒకటిన్నర టన్ను సరిపోతుంది. పైఅంతస్తుకు పెద్దది చెప్పడానికి కారణం మిద్దె. పగలంతా కాగిన కాంక్రీటు స్లాబు ఆ వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. మా ఇంట్లో మేలో రాత్రి తొమ్మిది గంటలకు స్టూలెక్కి పైకప్పుకు అరచేయి ఆనిస్తే రొట్టెల పెనం పక్కన చేయి పెట్టినట్టు ఉండేది. మిద్దె మీద తెల్లటి కూల్ రూఫ్ పూత రెండు పొరలు వేయించిన తర్వాతి వేసవిలో అదే చోట, అదే వేళకు చేయి పెడితే గోరువెచ్చగా మాత్రమే తగిలింది. ఆ ఏడాది పెద్ద ఏసీ కొనే ఆలోచన మానుకున్నాం.

కాబట్టి ముందు మిద్దెకు తెల్ల పూత వేయించండి, పడమటి కిటికీకి బయటివైపు తడికెనో పందిరినో కట్టించండి, ఆ తర్వాత టన్నులు నిర్ణయించండి. యంత్రం పెద్దదయ్యే కొద్దీ కొన్న ధరా పెరుగుతుంది, ఏటా బిల్లూ పెరుగుతుంది. ఏసీ పెట్టించే ముందు మీ కాంట్రాక్టెడ్ లోడు, అంటే మీ కనెక్షన్‌కు మంజూరైన కిలోవాట్లు, ఎంత ఉందో మన విద్యుత్ పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ బిల్లులో చూసి, అవసరమైతే పెంచమని దరఖాస్తు చేసుకోండి.

ఫ్రిజ్ ఎంపికలో ఏమి గమనించాలి?

ముగ్గురు నలుగురు ఉన్న ఇంటికి 180 నుంచి 250 లీటర్లు చాలు. సగం ఖాళీగా ఉండే పెద్ద ఫ్రిజ్‌కు ఎన్ని నక్షత్రాలున్నా అనవసరపు ఖర్చే. మంచు గడ్డను మనమే కరిగించుకునే డైరెక్ట్ కూల్ రకం, ఫ్రాస్ట్ ఫ్రీ రకం కంటే సాధారణంగా తక్కువ కరెంటుతో నడుస్తుంది. ఏడాదంతా నడిచే వస్తువు కాబట్టి ఎక్కువ నక్షత్రాలకు డబ్బు పెట్టడంలో నాకు సందేహం లేదు.

అయితే ఎక్కడ పెట్టామన్నది కూడా అంతే ముఖ్యం. మా పాత ఫ్రిజ్‌ను వంటింట్లో బండల గూటిలోకి సరిగ్గా ఇరికించి పెట్టుకున్నాం. దాని పక్కలు ఎప్పుడూ కాలుతూ ఉండేవి, కంప్రెసర్ హోరు ఆగిన గుర్తు లేదు. మెకానిక్ వచ్చి ఏమీ మార్చకుండానే దాన్ని గోడకు జానెడు ముందుకు లాగించాడు. ఆ సాయంత్రం వంటింట్లో నిశ్శబ్దం కొత్తగా వినిపించింది. లోపలి వేడిని బయటికి వదలడమే ఫ్రిజ్ పని. వదలడానికి చోటు లేకపోతే అది రోజంతా పెనుగులాడుతుంది.

తలుపు రబ్బరును పరీక్షించడానికి ఒక కాగితాన్ని తలుపు మధ్యలో పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వస్తే రబ్బరు మార్పించండి. ఆ చిన్న ఖర్చుతో పాత ఫ్రిజ్‌కే మరికొన్నేళ్లు గడవవచ్చు.

గీజర్‌లో ఇన్‌స్టంట్ రకం మేలా, నిల్వ రకం మేలా?

పదిహేను లీటర్ల నీటిని 30 డిగ్రీలు వేడెక్కించడానికి అర యూనిట్‌కు కాస్త పైన పడుతుంది. ఏ రకమైనా ఈ ఖర్చు తప్పదు. నిల్వ రకంలో నీరు వేడిగా ఉండగా తొట్టి గోడల నుంచి పోయే వేడి అదనపు నష్టం, దాని స్టార్ లేబుల్ కొలిచేది ఆ నష్టాన్నే. స్నానానికి పదిహేను ఇరవై నిమిషాల ముందు స్విచ్చి వేసి, తర్వాత ఆపేసే అలవాటున్న ఇంట్లో నక్షత్రాల తేడా పెద్దగా కనబడదు. రోజంతా వేసి ఉంచే ఇంట్లో బాగా కనబడుతుంది.

మన జిల్లాలో బోరు నీటి కాఠిన్యం గురించి ఇంకా ఎక్కువగా ఆలోచించాలి. మా గీజర్‌ను విప్పినప్పుడు లోపలి రాగి కాయిల్ కనబడలేదు. సున్నపు పెంకు వేలిమందాన పేరుకొని, తడితే పెళ్లలుగా రాలింది. ఆ పొర నీటికి వేడి అందకుండా అడ్డుపడుతుంది, కాయిల్ త్వరగా కాలిపోతుంది. రెండేళ్లకోసారి శుభ్రం చేయించడం, తొట్టికి తుప్పు పట్టకుండా కాపాడే లోపలి యానోడ్ కడ్డీ మార్పించడం మానకండి.

ఏడాది పొడవునా వేడినీటి స్నానం చేసే కుటుంబానికి మన ఎండలో సోలార్ వాటర్ హీటరు అన్నిటికంటే ఉత్తమం. కఠినమైన నీటికి ఫ్లాట్ ప్లేట్ రకంలోని సన్నని రాగి గొట్టాలు పూడుకుపోతాయి కాబట్టి, బోరు నీరు ఆ గొట్టాల్లోకి పోకుండా వేరుగా ఉంచే హీట్ ఎక్స్చేంజరు ఉన్నదో, గాజు గొట్టాల రకమో అడిగి తీసుకోండి.

లైట్లు, టీవీ, వాషింగ్ మెషీన్ల సంగతేమిటి?

తొమ్మిది వాట్ల ఎల్ఈడీ, పాత 60 వాట్ల బల్బంత వెలుగు ఇస్తుంది. ఇంకా పాత బల్బు, చోకు ట్యూబ్‌లైటు ఉంటే ఈరోజే మార్చండి. టీవీని రిమోట్‌తో ఆపినా సెట్‌టాప్ బాక్సు నడుస్తూనే ఉంటుంది, గోడ స్విచ్చి ఆపాలి. వాషింగ్ మెషీన్‌లో హీటరు ఉంటే ఖర్చులో ఎక్కువ భాగం నీళ్లు వేడిచేయడానికే. చన్నీళ్లతో ఉతికితే ఏ రకమైనా పెద్ద తేడా రాదు.

సోలార్ పలకలు పెట్టించుకుంటే ఇవన్నీ చూడనవసరం లేదు కదా?

పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు రూ.78,000 వరకు కేంద్ర రాయితీ ఉంది, మన ఎండకు ఒక కిలోవాట్ పలకలు సగటున రోజుకు నాలుగు యూనిట్ల వరకు ఇస్తాయి. పెట్టించుకోవడం మంచిదే. అయితే ముందు ఫ్యాన్లు, మిద్దె, ఫ్రిజ్ సరిచేసుకున్న ఇంటికి మూడు కిలోవాట్ల బదులు రెండు సరిపోవచ్చు. వరుస మార్చి చేస్తే, దుబారాగా పోయే కరెంటు కోసం కూడా పలకలు కొన్నట్టు అవుతుంది.

కొత్త ఫ్రిజ్ వచ్చాక పాతదాన్ని పైన గదిలో పెట్టుకోవచ్చా?

దయచేసి వద్దు. పండగలకూ, మామిడిపళ్లకూ పనికొస్తుందని పైకెక్కించిన పాత ఫ్రిజ్ ఆ తర్వాత ఏడాదంతా నాలుగు నీళ్లసీసాల కోసం నడుస్తూనే ఉంటుంది. రెండు ఫ్రిజ్‌లూ పైస్లాబు యూనిట్లే కాలుస్తాయి, కొత్తదాని వల్ల మిగలాల్సిన డబ్బు పాతదానికే పోతుంది. కొనేరోజే పాతదానికి ఎంత ఇస్తారో మాట్లాడుకుని, కొత్తది దించిన బండిలోనే దాన్ని పంపించేయండి.